నాలుగో ‘వద్దు’

మొహమాటం అంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు కనుక ఎవరూ దాన్ని నిర్వచించరు. మా సహవాసపు నియమావళిలో మాత్రం నిర్వచనం ఉంది. నాలుగో అనుబంధం, తొమ్మిదో పేజీ: “మనసున ఇష్టముండియు, మూడు పర్యాయములకు మించకుండ వద్దని పలుకుట మొహమాటమనబడును.” నాలుగోసారి కూడా వద్దంటే అది మొహమాటం కాదు, నిజమైన నిరాకరణ. ఈ తేడా మీద ఒక రాష్ట్ర మహాసభ ఎలా నడిచిందో, ఎలా నడవకుండా ఆగిందో, ఈలోగా మా ఊరి పంపు ఆపరేటర్ రాజమల్లుకు ఏమైందో వరుసగా చెబుతాను. ముప్పై రెండేళ్లు డిగ్రీ కళాశాలలో తర్కశాస్త్రం బోధించినదాన్ని. కారణం ముందు, కార్యం తరువాత చెప్పడం అలవాటు.

సహవాసం అంటే, తాగుడు గానీ మాత్రలు గానీ మరొకటి గానీ మానలేక అలసిపోయినవాళ్లు ఒక గదిలో కూర్చుని ఒకరి కథ ఒకరు వినే చోటు. ఇంటిపేర్లు చెప్పుకోము, హోదాలు అడగము. కోలుకోవడానికి పన్నెండు మెట్లు ఉన్నాయంటాము. వాటిలో మొదటిది, ఇది నా ఒక్కరివల్ల కావడం లేదు, నాకు సాయం కావాలి అని నోరు విడిచి ఒప్పుకోవడం. మా గది బొగ్గు గనుల కాలనీలోని కమ్యూనిటీ హాలులో ఉంది. వానాకాలం నీళ్లు రాకుండా హాలును ఎత్తుగా కట్టారు కనుక బయట సిమెంటు మెట్లున్నాయి. అవి తొమ్మిది. ఒకసారి జిల్లా తనిఖీకి వచ్చినాయన మరో మూడు కట్టించవలసిందిగా రాసి వెళ్లారు.

పదేళ్ల కిందట, పదకొండేళ్ల నిద్రమాత్రల తరువాత, ఆ మెట్ల కింద మూడు సాయంత్రాలు నిలబడ్డాను. లోపలినుంచి టైలర్ ఓదెలు వచ్చి రమ్మని పిలిచేవాడు. “వద్దండి, ఊరికే ఇటు వచ్చాను,” అనేదాన్ని. మూడో రోజు అతను మెట్ల మీద నిలబడి మెడలో టేపు సవరించుకుంటూ, “మేడం, కావాల్నా, వద్దా? ఒక్కటి చెప్పుండ్రి. మిషిని మీద జాకెట్ వదిలేసొచ్చిన,” అన్నాడు. “కావాలి,” అన్నాను. అదే నా మొదటి మెట్టు. ఈ సంగతి నా గురించి చెప్పుకోవడానికి రాయలేదు. తరువాతి పరిణామాలకు ఇది అవసరం.

ఇక నియమం సంగతి. మా సహవాసంలో అధికారులు ఉండరు, సేవకులే ఉంటారు. శాఖలో సేవకుడు, జిల్లాలో వినమ్ర సేవకుడు, రాష్ట్రంలో పరమ వినమ్ర సేవకుడు. పైకి వెళ్లేకొద్దీ వినయం పెరుగుతుంది. లెటర్‌హెడ్ మీద అక్షరాలు కూడా. నాలుగేళ్ల కిందట ఒక జిల్లానుంచి ప్రతినిధిగా ఎన్నికైనాయన సంతోషం పట్టలేక బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన ఫోటో, ఆయన బావమరుదుల ఫోటోలు, కింద నిలువెత్తు అక్షరాలతో ‘అజ్ఞాత సభ్యుడు’ అనే బిరుదు ఉన్నాయి. రాష్ట్ర మండలి కలత చెంది, పదవిని కోరినవారు పదవికి అనర్హులని తీర్మానించింది. మంచి తీర్మానమే. అయితే దానివల్ల ఎవరూ పోటీ చేయడానికి వీలులేకపోయింది. కనుక వద్దన్నవారినే ఎన్నుకోవలసి వచ్చింది. కానీ మనవాళ్లు రెండో గరిటె పప్పు వేస్తామన్నా విస్తరికి చేతులడ్డం పెట్టేవాళ్లు. వద్దన్నంత మాత్రాన వద్దని రుజువు ఏమిటి? కనుక మొహమాట నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం ఏర్పడ్డాక నిర్వచనం, నిర్వచనం తరువాత పత్రం, పత్రం తరువాత దానికి మూడు ప్రతులు అనివార్యమయ్యాయి.

మా శాఖ ఎన్నిక ఒక ఆదివారం సాయంత్రం జరిగింది. ఆదివారం గనికి సెలవు కనుక రాజమల్లు కూడా వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, గని లోపల నీళ్లు తోడే పంపు చూసుకుంటాడు. ఆ రోజుకు తాగుడు మానేసి నలభై ఒక్క రోజులు. అతనిది ఒకే అభ్యర్థన.

“నన్ను సెకండ్ షిఫ్టుల ఏసిండ్రు. మూడింటికి దిగితె పదకొండింటికి పైకొస్త. మన మీటింగేమొ ఆరున్నరకాయె,” అన్నాడు. “పదింటికి వైన్స్ షట్టర్ లేస్తది మేడం. మా ఇంట్ల కూసుంటె ఆ చప్పుడు ఇనవడ్తది. మా ఆమె అంగన్‌వాడికి పోతది, పిల్లలు బడికి పోతరు. ఆ చప్పుడు, నేను, ఇద్దరమే ఉంటం. నాకు పొద్దటి పూట మీటింగ్ కావాలె.”

“దానికేముంది, పదింటికి నేనొస్త, ఇద్దరం కూసుందాం,” అన్నాడు ఓదెలు.

అది కుదరదని చెప్పింది నేనే. దాచను. హాలు తాళం వాచ్‌మన్ లస్మయ్య దగ్గర ఉంటుంది. రాష్ట్ర మండలి ఉత్తరంలో ఏ వేళ రాసి ఉంటే ఆ వేళకే అతను తాళం ఇస్తాడు. సాయంకాలమే ప్రమాద సమయమని మండలి ఎప్పుడో నిర్ణయించినందువల్ల ఉదయం సమావేశానికి మహాసభ ఆమోదం కావాలి. ఆమోదం లేకుండా ఇద్దరు కూర్చుంటే అది కబుర్లు అవుతుంది గానీ సమావేశం కాదు. ఈ వాదాన్ని నేను మూడు వాక్యాలలో, ఎక్కడా తొణక్కుండా చెప్పాను. అప్పటిదాకా ఏర్పాటు ఏమిటంటే, రోజూ పదిగంటలకు నేను రాజమల్లుకు ఫోన్ చేసి షట్టర్ చప్పుడు సద్దుమణిగేదాకా మాట్లాడడం. ఫోన్ మాటకు ఆమోదం అక్కరలేదు.

శాఖ సేవకుడు సదానందం నియమావళి తెరిచి, మహాసభకు ప్రతినిధిగా ఎవరు వెళ్లకూడదనుకుంటున్నారో చెప్పమన్నాడు.

“నేను పోత,” అన్నాడు ఓదెలు.

సదానందం కళ్లజోడు తీశాడు. “ఓదెలన్నా, అట్లనద్దు. వద్దు అను.”

“ఎందుకనాలె? నాకు పోవాలనున్నది. రాజమల్లు సంగతి నేను మంచిగ చెప్త.”

“హనుమకొండల బట్టల బజార్ జూద్దామని గావచ్చు,” అన్నారెవరో వెనకనుంచి.

“అది గూడ జూస్త,” అన్నాడు ఓదెలు.

పన్నెండు మెట్లు కాక మాకున్న పది సూత్రాలలో మూడోది నిజాయితీ. ఓదెలు నిజం చెప్పినందుకు ఐదేళ్లపాటు అనర్హుడయ్యాడు. అతని పేరు ఎదుట ‘ప్రత్యక్ష కాంక్ష’ అని రాశారు.

తరువాత నన్నడిగారు. వద్దన్నాను, మోకాళ్ల నొప్పులని చెప్పాను. సదానందం చిటికెన వేలు మడిచాడు. మళ్లీ అడిగాడు. వద్దన్నాను, రోజూ పదిగంటలకు ఫోన్ చేయాలన్నాను. ఉంగరం వేలు మడిచాడు. మూడోసారి, ఓదెలే తగినవాడని కారణాలతో నిరూపించాను. గదిలో అందరూ ముందుకు వంగారు. నాలుగోసారి అడిగినప్పుడు నా దగ్గర కారణాలు అయిపోయి ఉత్త ‘వద్దు’ మిగిలింది. అదే అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ విధంగా, నిజంగా వద్దనుకున్నందువల్ల, ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

బయలుదేరే ముందు రాజమల్లుకు చెప్పాను: మహాసభలో అజ్ఞాతవాస నియమం ప్రకారం రెండు రోజులూ ఫోన్లు తీసుకుంటారు, ముగిసేదాకా తిరిగి ఇవ్వరు, పదిగంటలకు ఫోన్ రాదు, ఫరవాలేదా అని.

“ఏంగాదు మేడం,” అన్నాడు.

“నిజంగా?”

“ఏంగాదు, పోయిరాండ్రి.”

“రెండు రోజులు.”

“రెండు రోజులకేమైతది మేడం. ఏంగాదు.”

మహాసభ హనుమకొండలో ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. మూఢం కావడంతో పెళ్లిళ్లు లేవు. అందులోనూ మంగళ, బుధవారాలు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ టబ్బులో ఫోన్లు వేయించుకుని, ఒక్కొక్కరినీ పరీక్షకు పంపుతున్నారు. పరీక్షించేది తోయజాక్షిగారు, మొహమాట నిర్ధారణ ఉపసంఘానికి పరమ వినమ్ర పరీక్షకురాలు. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసిన మనిషి. మాట కూడా ఆ భాషలోనే వస్తుంది.

“ఈ సభకు రావలెనని మీకు ఇచ్ఛ కలిగెనా?”

“లేదు.”

“అయినను వచ్చితిరి.”

“ఎన్నుకున్నారు.”

“ఏ వాహనమున?”

“ఆరు గంటల బస్సులో.”

“నిలబడియా, కూర్చుండియా?”

“కూర్చునే. కిటికీ పక్కన.”

ఆవిడ కలం ఆగింది. “కిటికీ పక్క స్థానము యాదృచ్ఛికముగా లభించునది కాదు. సదరు సీటుపై చేతిరుమాలు వేయబడినదా?”

“వేయబడింది. నేను వేయలేదు. ఓదెలు అని మా శాఖ సభ్యుడు, బస్సు ఆగకముందే కిటికీలోంచి వేశాడు.”

“అభ్యంతరము తెలిపితిరా?”

“థాంక్స్ చెప్పాను.”

ఆవిడ నిట్టూర్చి, ‘పరోక్ష కాంక్ష, మధ్యమ శ్రేణి’ అని రాసి నాకు పసుపు బ్యాడ్జీ ఇచ్చింది. నా ముందున్నాయనది ఆకుపచ్చ. ఆయన్ను శాఖవాళ్లు టిఫిన్ తింటుండగా పట్టుకుని ఆటోలో వేసి పంపారట. లుంగీలోనే ఉన్నాడు, చేతికి ఇంకా చట్నీ ఉంది. ఆయన్ను అందరూ గౌరవంగా చూస్తున్నారు.

వృత్తిరీత్యా వచ్చిన సందేహం ఒకటి అడిగాను. “లాక్కొస్తే ఆకుపచ్చ సరే. అసలు రానివారికి ఏ రంగండీ?”

తోయజాక్షిగారు మళ్లీ కలం అందుకుంది. “యోచించవలసిన విషయము,” అని చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆ రాత కారణంగా తరువాత జరిగినదానికి నా బాధ్యత ఎంతో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

లోపల మూడువందల కుర్చీలున్నాయి. నలభై ఒక్కమంది ప్రతినిధులూ చివరి వరుసలో కూర్చుని, అందులో చోటు చాలనివాళ్లు దాని వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ముందు కూర్చోవడం అహంకారం. వేదిక మీద పెళ్లివారి ఎర్ర మఖమల్ సింహాసనాలు రెండు అలాగే ఉన్నాయి. పరమ వినమ్ర సేవకులు రుక్మాంగదరావుగారు వాటిని చూసి చెవులు మూసుకున్నారు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు, వద్దన్నారు. స్టూలు తెచ్చారు, వద్దన్నారు. వేదికకున్న మెట్ల మీద కూర్చున్నారు. పైమెట్టు కాదు, కిందిది. అక్కడినుంచి ఆయన ఎవరికీ కనిపించలేదు. ఆ కనిపించకపోవడం గురించి ముప్పావుగంట మాట్లాడారు.

“ఈ అల్పుడు,” అన్నారు మైకులో, “ఈ స్థానమును నాలుగు సంవత్సరములుగా ప్రతి సంవత్సరము నాలుగు పర్యాయములు నిరాకరించుచు, తత్ఫలితముగా ఇందే కొనసాగుచున్నాడు.”

భోజనాల దగ్గర నాకు విద్య అబ్బింది. కోరి తినడం నియమవిరుద్ధమని వడ్డించేవాళ్లకు ముందే చెప్పి ఉంచారు. నర్సంపేటనుంచి వచ్చిన ముసలాయన, “కొంచెం పప్పెయ్యి బిడ్డా,” అన్నందుకు ఆయన విస్తరి చివరిదాకా ఖాళీగా ఉంది. లుంగీ ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి నిజంగానే మొత్తుకుంటుంటే ఆయన వేళ్ల మీదనుంచే మూడు బొబ్బట్లు, సాంబారు పడ్డాయి. నాకు పెరుగన్నం తప్ప ఏదీ అరగదు. పెరుగు గిన్నె వస్తుంటే లేచి నిలబడి, వద్దని నాలుగుసార్లు, ప్రతిసారీ ఒక స్థాయి పెంచి చెప్పాను. పుష్కలంగా వచ్చింది.

మధ్యాహ్నం తీర్మానాలు. మొదట నర్సంపేట ముసలాయన లేచి, మన పుస్తకంలో అక్షరాలు చిన్నవి, నాలాంటివాళ్లకు కానరావు, పెద్ద అక్షరాలతో వేయించాలన్నాడు.

“ఇట్లు మీరు కోరుచున్నారా?” అడిగింది తోయజాక్షిగారు.

“కోరుతున్ననమ్మ. కళ్లు కనవడుతలేవు.”

“కోరిక యొక్క తీవ్రత?”

“బాగనే ఉన్నది.”

తీర్మానాన్ని కోరిక శమన ఉపసంఘానికి పంపారు. కోరిక చల్లారినట్లు వైద్యుడి సంతకం వస్తే మూడేళ్ల తరువాత పరిశీలిస్తారు. ముసలాయన కూర్చుంటూ, “అప్పటికి కళ్లే పోతయి, పుస్తకమెందుకు,” అని గొణిగాడు. దాన్ని నిరాకరణగా నమోదు చేసుకోవచ్చునా అని వేదిక మీద కాసేపు చర్చ జరిగింది.

తరువాత నా పేరు పిలిచారు. నా సంచిలో రాజమల్లు గురించి రెండు పేజీల ప్రసంగం ఉంది. షట్టర్, దాని చప్పుడు, ఇల్లు, పది నుంచి మూడు దాకా ఉన్న అయిదు గంటలు. బాగా రాశానని అనుకున్నాను. దాన్ని సంచిలోనే ఉంచి లేచాను.

“మా శాఖకు ఉదయం పదిగంటల సమావేశం అనే ప్రతిపాదన ఉంది,” అన్నాను. “అది వద్దు.”

చివరి వరుస కదిలింది.

“వద్దని మనవి చేస్తున్నాను. ఇలాంటిది ఎవరికీ అక్కరలేదని నొక్కి చెబుతున్నాను. దయచేసి తిరస్కరించండి.”

రుక్మాంగదరావుగారు కనిపించని చోటునుంచి గొంతు సవరించుకున్నారు. “ప్రతిపాదించినవారే ప్రతిఘటించు ప్రతిపాదన. ఇట్టి నిష్కామ తీర్మానము మన చరిత్రలో ప్రథమము. బలపరచువారెవరు?”

ఎవరూ చేయెత్తలేదు. బలపరచడం కూడా కోరికే కదా.

“సంపూర్ణ అనాసక్తితో ఆమోదించబడినది,” అన్నారాయన. లుంగీ ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టబోయి మానుకున్నాడు.

సాయంకాలానికి ఉత్తరం టైపు అయి నా చేతికి వచ్చింది. సంతకం, ముద్ర, ‘ఉదయం 10.00 గం.’ అన్నీ ఉన్నాయి. కింద చిన్న అక్షరాలలో ఏదో ఉంది. అది నా కళ్లకు ఆనలేదు. నర్సంపేట ముసలాయన ఎంత సరైన తీర్మానం పెట్టాడో అప్పుడు తెలిసింది. ముద్ర ఉంది కదా అని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

రెండో రోజు సభ తొమ్మిదింటికి మొదలై తొమ్మిదీ నలభైకి అంతమైంది. తోయజాక్షిగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా యోచించిందట.

“మొత్తము ప్రతినిధులు అరువది నలుగురు,” అని చదివింది. “హాజరైనవారు నలువది యొక్కరు. హాజరగుట యనునది అంగీకారము. అంగీకారము కోరికకు రుజువు. కావున హాజరైనవారందరును ప్రతినిధులుగా అనర్హులు. గైరుహాజరైన ఇరువది ముగ్గురు మాత్రమే నిజమైన నిరాకర్తలు, తత్కారణముగా నిజమైన ప్రతినిధులు. కోరము వారితోనే లెక్కించవలెను. అట్లు లెక్కించగా, సభ పూర్తి కోరముతో నున్నది.”

ఆమె వేలు చూపిన వైపు అందరం చూశాము. ముందు వరుసలలో ఖాళీ కుర్చీలు.

లుంగీ ఆయన లేచి, “నన్ను గుంజుకొచ్చిండ్రు గదమ్మా,” అన్నాడు. నిన్న సాయంత్రం బస్సులుండగా పారిపోకుండా రాత్రి ఇక్కడే పడుకున్నందుకు ఆయన ఆకుపచ్చ బ్యాడ్జీ కూడా వెనక్కి తీసుకున్నారు. నిన్నటి తీర్మానాల సంగతేమిటని నేనడిగాను. వాటిని అప్పటికప్పుడు ఖాళీ కుర్చీల ముందు చదివారు. అభ్యంతరం ఉన్నవారు తెలపాలన్నారు. ఎవరూ తెలపలేదు. ఏకగ్రీవం. కుర్చీల నిబ్బరాన్ని రుక్మాంగదరావుగారు ప్రత్యేకంగా అభినందించి, తామూ హాజరైన దోషం కింద రాజీనామా చేసి, పదవి వద్దని నాలుగుసార్లు అన్నందున నియమం ప్రకారం అందులోనే కొనసాగుతూ, అనర్హులమైన మమ్మల్నందరినీ బయటికి వెళ్లమన్నారు. వెళుతూ వెనక్కి చూశాను. సింహాసనాలు ఖాళీగా, సభ నిండుగా, ప్రశాంతంగా ఉంది. మైకు ఆన్‌లోనే ఉంది.

టబ్బులో ఫోన్ వెతికి పట్టుకునేసరికి పదీ అయిదు. రాజమల్లుకు చేశాను. స్విచాఫ్. బస్టాండులో మళ్లీ చేశాను. స్విచాఫ్. బస్సు కదిలింది. ఈసారి చేతిరుమాలు వేసేవారు లేక నిలబడ్డాను. పదీ నలభై. షట్టర్ లేచి నలభై నిమిషాలు.

పట్టుకునే కడ్డీకి వేలాడుతూ కారణాలు వెనక్కి లెక్కపెట్టాను. ఫోన్ ఎందుకు ఆగింది? నేను సభకు వెళ్లినందువల్ల. సభకు ఎందుకు వెళ్లాను? నిజంగా వద్దన్నందువల్ల. రాజమల్లును అడిగే వెళ్లాను కదా. ఏంగాదు అన్నాడు కదా. ఎన్నిసార్లు అన్నాడు?

మూడు.

పక్క సీటులో ఉన్నావిడ నా ముఖం చూసి లేచి కూర్చోమంది. వద్దన్నాను. ఏంగాదు, ఏంగాదు, ఏంగాదు. నాలుగో అనుబంధం, తొమ్మిదో పేజీ. మొహమాటాన్ని నిర్ధారించే మహాసభకు ప్రతినిధిగా వెళుతూ, మూడుసార్ల దగ్గర ఆగిపోయి, నాలుగోసారి అడగకుండా సంచి సర్దుకున్నాను. యాభై ఎనిమిది రోజుల మనిషి. ఆవిడ రెండోసారి కూర్చోమంది. కూర్చున్నాను.

ఒంటిగంటన్నరకు దిగి, ముందు వాళ్లింటికి వెళదామని ఆటో మాట్లాడాను. ఆటో కమ్యూనిటీ హాలు మీదుగా వెళ్లాలి. హాలు తలుపుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద ఇద్దరు మనుషులు, మధ్యలో జాకెట్ల మూట, ఫ్లాస్కు. ఓదెలు ఐదో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాలుగో మెట్టు మీద రాజమల్లు, బొగ్గు పట్టిన పెద్ద వేళ్లతో ఒక గులాబీ రంగు జాకెట్‌కు హుక్కు కుడుతూ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు.

ఆటో దిగి, మోకాళ్లు సహకరించినంత వేగంగా వెళ్లాను. “ఫోన్ ఎందుకు ఆపావు?”

“మీటింగ్ల ఫోన్ బంద్ వెట్టాలె గద మేడం,” అన్నాడు రాజమల్లు. “రూలాయె.”

“మీటింగా?”

“నిన్న గూడ అయింది,” అన్నాడు ఓదెలు. “షట్టర్ లేవంగనె ఈయన చెప్పులేసుకోని బయటవడ్డడు. నా దుకాణం ముంగటనుంచే పోతండు. ఎటువోతున్నవని అడుగలేదు. అది కనవడుతనే ఉన్నది. కావాల్నా, వద్దా అన్న. ఏంది అన్నడు. మీటింగ్ అన్న.”

“కావాలె అన్న,” అన్నాడు రాజమల్లు, సూది మీదనుంచి తల ఎత్తకుండా.

“నన్ను పనికిరానన్నరు గద మేడం, ఊకెనే ఉన్న. దుకాణం ఈడికే పట్టుకొచ్చిన. అయితె ఈయన కుట్టిన హుక్కులు మల్ల ఇప్పి కుట్టాలె. గనిల బోల్టు బిగించినట్టు బిగిస్తండు.”

“ఊసిపోవద్దు గదనే,” అన్నాడు రాజమల్లు.

నేను సంచిలోంచి ఉత్తరం తీశాను. కొంత గర్వంగానే తీశానేమో. ముద్ర చూసి వాచ్‌మన్ లస్మయ్య తాళంచెవులు గలగలలాడించుకుంటూ వచ్చాడు. కళ్లు మంచివి కావడంతో కింది చిన్న అక్షరాలు కూడా గట్టిగా చదివాడు: “సదరు ఉదయకాల సమావేశమునకు, దానిని కోరని సభ్యులు మాత్రమే హాజరు కావలెను. తాళము సైతము అట్టివారికే ఇయ్యదగును.”

లస్మయ్య ఇబ్బందిగా రాజమల్లును అడిగాడు. “నీకు కావాల్నా?”

“కావాలె.”

ఓదెలును అడగనవసరం లేదు. అతనిది ప్రత్యక్ష కాంక్ష అని రాతలోనే ఉంది. లస్మయ్య నా వైపు తిరిగాడు. చేయి అప్పటికే తాళంచెవితో సగం చాచి ఉంది. “మేడం, మీకు వద్దు గద? వద్దనుండ్రి, ఇచ్చేస్త.”

పెరుగు వచ్చిన పద్ధతి నాకు తెలుసు. తీర్మానం వచ్చిన పద్ధతీ తెలుసు. నాలుగుసార్లు అంటే చాలు. తలుపు తెరుచుకుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, రిజిస్టరులో ఇది సమావేశం అవుతుంది. రాజమల్లు కుట్టడం ఆపి నా ముఖం చూస్తున్నాడు. ఈ మెట్ల కింద మొదటిసారి ఒక మాట చెప్పి నేను బతికాను. ఆ మాటే ఇప్పుడు చెప్పిన రాజమల్లు ఎదురుగా, దానికి వ్యతిరేకమైనది చెప్పి తలుపు తీయించాలి.

“నాకు కావాలి, లస్మయ్యా,” అన్నాను.

లస్మయ్య తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “మరైతే ఇయ్యరాదు మేడం. రాసిండ్రు,” అని వెళ్లిపోయాడు. రెండడుగులు వేసి ఆగి, “మెట్ల సంగతి ఏం రాయలేదు,” అన్నాడు.

ఓదెలు ఫ్లాస్కు మూత తీశాడు. “చాయ్ తాగుతరా మేడం?”

డెబ్భై మూడేళ్లుగా ఈ ప్రశ్నకు నా మొదటి జవాబు ఒకటే. అది అలవాటుగా నాలుక చివరికి వచ్చింది.

“ఇవ్వు,” అన్నాను. “నిండా.”

రాజమల్లు మూట పక్కకు జరిపి చోటిచ్చాడు. డ్యూటీకి బయలుదేరడానికి అతనికి ఇంకా అరగంట ఉంది.